ఎవరన్నారు, చూద్దాం

ఆకేరియా
21 ఫిబ్రవరి 1999

అసెకెన్యే అక్కకు,

ఇక్కడ ఎండ మండిపోతోంది. పొద్దున్నే గాలి లేచి, ఎర్ర దుమ్ము తెచ్చి అన్నంలో పోస్తోంది. ఇవాళ వంటింటి కప్పు మీద పాత గడ్డి పీకి కొత్త గడ్డి వేశాం. సగం అయింది. మిగతా సగం పక్కన పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆగలేకపోయాను.

అక్కా, ఊళ్ళోకి ఎడ్లు వచ్చాయి!

గొడ్లదొంగలు మందలన్నీ తోలుకుపోయి పన్నెండేళ్ళయింది. మన ఇంటివి పద్నాలుగు పోయాయి, నీకు తెలుసు. అప్పటినుంచీ ఊరంతా పారలతోనే తవ్వుతోంది. ఇప్పుడు చర్చివాళ్ళు ఆరిళ్ళకు ఒక జత చొప్పున ఇచ్చారు. మన ఆరిళ్ళ జత నిన్న మధ్యాహ్నం లారీ దిగింది. రెండూ పడుచువి, మెడ మీద కాడి పడలేదు. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగు. లారీ దిగగానే నల్లది బడి తోటలోకి దూరి క్యాబేజీ మొత్తం తినేసింది.

నాగలి మేడి ఎవరు పట్టాలి అని మీటింగు పెట్టారు. ఉపదేశి ఎమోరుట్ పెద్దగా కూర్చున్నాడు. నేను చెయ్యెత్తాను. నవ్వారు. నవ్వుతారని తెలిసే ఎత్తాను. అపోలోట్ రాగి కల్లు కుండలోకి మనిషికన్నా పొడుగైన గొట్టం వేసి నా పక్కనే కూర్చుని పీల్చే ఓకిరోర్, "బావా, నాగలి అనుకున్నావా, గొట్టం అనుకున్నావా?" అన్నాడు. ఎన్నికలప్పటిలాగే మనిషి వెనక వరస కట్టమన్నారు. ఓమోడింగ్ వెనక పంతొమ్మిదిమంది నిలబడ్డారు. వాడు తాగడు, పొగ తాగడు, ఆదివారం తప్పడు. నా వెనక ఇద్దరు, నీ మరదలు ఇకిరింగ్, ముసలమ్మ అముగే. అముగే కూడా నా వెనక నీడ ఉందని నిలబడిందట.

అప్పుడు కుంటి ఎత్యాంగ్ తాత అడిగాడు, "మేడి మీద ఎప్పుడైనా చెయ్యి వేసినవాళ్ళు ఎంతమంది?" అని. లెక్క చూస్తే బతికున్నవాళ్ళలో ఇద్దరమే. తాత, నేను. తాతకు కాలు లేదు. పన్నెండేళ్ళలో ఎదిగినవాళ్ళెవరూ నాగలి ముట్టుకోలేదు అక్కా. ఓమోడింగ్ కూడా అంతే.

కాబట్టి మొదటి వానల దుక్కి నాకిచ్చారు. ఒకటే షరతు. ఒక్క పొద్దున్న తాగి కనిపించినా మేడి ఓమోడింగ్‌కు పోతుంది.

ఇకిరింగ్ నిచ్చెన కింద నిలబడి అరుస్తోంది. గడ్డి అందించాలి.

నీ తమ్ముడు
ఎమురియా


జింజా
3 మార్చి 1999

తమ్ముడు ఎమురియాకు,

ఇక్కడ రోజూ సాయంత్రం సరస్సు మీదినుంచి వాన వస్తోంది. బడి వంటశాలలో కట్టెలు తడిసి పొగ పెడుతున్నాయి. ఆరువందలమంది పిల్లలకు మొక్కజొన్న పిండి కెలికి కెలికి నా కుడి మోచెయ్యి పైకి లేవడం లేదు. ఇవాళ ఎడమ చేత్తో కెలికాను. ఎడమ చేత్తో రాయడం రాదు, నొప్పి చేత్తోనే రాస్తున్నాను, కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి.

ఎడ్లు వచ్చాయంటే సంతోషం. అయితే నీ ఉత్తరం మూడుసార్లు చదివి, లేని మాట కోసం వెతికాను. తాగడం మానేస్తానని ఎక్కడా రాయలేదు. ప్రమాణం ఎవరిముందు చేశావు?

ఇప్పటికి నాలుగుసార్లు మానేశావు. పెళ్ళప్పుడు ఒకసారి. ఫాదర్ ముందు ఒకసారి. అమ్మ పోయిన రోజు ఒకసారి. నా ముందు, బస్టాండులో, ఒకసారి. నాలుగుసార్లూ అందరి ఎదుటా గొట్టం విరిచావు. నాలుగుసార్లూ నెల తిరక్కుండా కుండ దగ్గరికి ఒక కోడిని పట్టుకెళ్ళి, తప్పు ఒప్పుకుని, కొత్త గొట్టం తెచ్చుకున్నావు. అపోలోట్ కోళ్ళగూడు సగం నీ ప్రమాణాలతోనే నిండింది.

మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకునే మనిషివి నువ్వు. ఈసారి పోయేది నీ ఒక్కడి ముంత కాదు. ఆరిళ్ళ తిండి. మొదటి వానకు రాగులు పడకపోతే వాళ్ళు ఏం తింటారు?

అందుకని చెప్తున్నాను. ఈసారి గొట్టం విరవడం కాదు, కాల్చెయ్యి. ఉపదేశి ముందు కాల్చి, ఆయనచేత సంతకం పెట్టించి నాకు పంపు.

ఇకిరింగ్‌కు గౌను గుడ్డ పంపుతున్నాను. నీకు బూట్లు. తోటమాలివి, పాతవి. ఎడమదానికి చిల్లు ఉంది.

మీ అక్క
అసెకెన్యే


ఆకేరియా
14 మార్చి 1999

అక్కకు,

మబ్బు పడుతోంది, కురవడం లేదు. చెదలు రెక్కలు కట్టుకుని పుట్టల్లోంచి బయటికి వస్తున్నాయి. అంటే వానకు పది రోజులు. ఎడ్లకు బరువైన దుంగ కట్టి నడిపించడం అయిపోయింది, రేపటినుంచి ఇనప నాగలి కడతాను.

బూట్లు అందాయి. చిల్లులోంచి మట్టి వస్తుంది, అదే చిల్లులోంచి పోతుంది.

ఎడ్లకు పేర్లు పెట్టాను. మేడి నాకిచ్చిన రోజు కుండ దగ్గర చెప్పాను, ఈ ఏడు ఆరిళ్ళ నేలా నేనే దున్నుతాను అని. ఓకిరోర్ "ఎవరన్నారు?" అన్నాడు. అపోలోట్ కుండలో పులిసిన రాగుల మీద వేడినీళ్ళు పోస్తూ "చూద్దాం" అంది. కాబట్టి నల్లదాని పేరు ఎవరన్నారు, బూడిదదాని పేరు చూద్దాం. పొలంలో నేను పేర్లు పెట్టి అరుస్తుంటే దారినపోయేవాళ్ళు ఎవరితోనో జగడమాడుతున్నాననుకుని ఆగి చూస్తున్నారు.

మొదటి వారం మూడుసార్లు ఈడ్చుకుపోయాయి. ఒకసారి చిత్తడిలోకి, ఒకసారి ముళ్ళకంపలోకి, ఒకసారి చర్చిలోకి. గోడ పక్కనుంచి కాదు, ఆ తలుపులోంచి దూరి ఈ తలుపులోంచి బయటికి. ఎమోరుట్ పాఠం చెప్తున్నాడు. "ఎమురియా, నువ్వు చర్చికి రావడం సంతోషమే" అన్నాడు.

ఎవరన్నారు ఎప్పుడూ కుడివైపే. చూద్దాం ఎడమవైపే. ఇక మారవు. ముందు ఇకిరింగ్ నడుస్తుంది. నా అరుపులన్నీ వృథా అక్కా, ఆవిడ నాలుక చప్పరిస్తే చాలు, రెండూ తిరుగుతాయి. "పదహారేళ్ళుగా ఒకణ్ణి నడిపిన అలవాటు" అంటోంది.

ప్రమాణం సంగతి అడిగావు. చెయ్యలేదు. గొట్టం విరవలేదు, కాల్చలేదు. ఎందుకో చెప్పడం నాకు సరిగ్గా రాదు. ఒక సంగతి జరిగింది, అది చెప్తాను.

పోయిన బుధవారం సాయంత్రం కుండ దగ్గరే ఉన్నాను. దున్నించుకునేవాళ్ళు అక్కడికే వస్తారు కదా. గొట్టం చేతిలో ఉంది, కుండలో పెట్టబోతున్నాను. చిత్తడి అవతలినుంచి ఒకావిడ వచ్చింది. నన్నెరగదు. "ఇక్కడ దున్నేవాడు ఎవరు?" అని అడిగింది. అందరూ నావైపు చూపించారు. ఓకిరోర్ కూడా. ఎవరూ నవ్వలేదు. "మెత్తని నేలా, రాతి నేలా?" అని నేను అడిగాను. నాన్న అడిగినట్టే వచ్చింది గొంతు. మాట్లాడుతూ ఆవిడతో నడిచి చిత్తడిదాకా వెళ్ళి, ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున చూసుకుంటే గొట్టం నా పక్కనే ఉంది, పొడిగా.

ఇదివరకు మానేసినప్పుడు రోజంతా కుండ గురించే ఆలోచించేవాణ్ణి. మానేసినవాడికి వేరే పని ఏముంటుంది? ఇప్పుడు పిట్టలకన్నా ముందు లేవాలి. మంచు ఆరకముందే ఎడ్లు మేయాలి. కర్రు తోమాలి, పలుపులు చూడాలి, మెడల మీద పుళ్ళు లేకుండా నెయ్యి రాయాలి. చీకటి పడితే కళ్ళు మూతబడుతున్నాయి.

సంతకం పంపలేదని కోప్పడకు.

ఎమురియా


జింజా
29 మార్చి 1999

ఎమురియా,

వాతావరణం గురించి రాయను.

పిన్నికొడుకు ఓలుకా చిలగడదుంపల లారీ మీద నిన్న ఇక్కడికి వచ్చాడు. వంటశాల గుమ్మంలో కూర్చుని, నేను పెట్టిన చిక్కుడుగింజలు తిని, ఈ మాట చెప్పాడు. "శనివారం పొద్దున ఏడింటికి ఎమురియా అన్నను చూశానక్కా. గొట్టం భుజాన వేసుకుని చిత్తడి దాటుతున్నాడు. పిలిస్తే ఆగలేదు. చాలా హుషారుగా ఉన్నాడు."

పొద్దున ఏడింటికి! పొద్దున్నే గొట్టం ఎత్తుకుని నడిచే మగవాడు ఎక్కడికి వెళ్తాడో ఊళ్ళో మేకకు కూడా తెలుసు. నిన్నటి కుండ అడుగు ఎవరింట్లో మిగిలిందా అని వెతకడానికి. నువ్వు ఎంత చెడ్డ రోజుల్లో కూడా పొద్దున్నే మొదలుపెట్టలేదు. నాన్న గొట్టాన్ని మధ్యాహ్నందాకా చూరులోంచి తీసేవాడు కాదు.

నీ ఉత్తరం చదివి నమ్మాను. మా హెడ్‌కుక్‌కు చదివి వినిపించాను కూడా. ఎడ్ల పేర్లు చెప్పి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. పది రోజులు నవ్వాను. ఇప్పుడు ఆవిడ ముఖం ఎలా చూడాలి?

ఆరిళ్ళ గింజలు నీ చేతుల్లో ఉన్నాయి కాబట్టి నోరు మూసుకోలేకపోయాను. అదే లారీలో ఎమోరుట్‌కు ఉత్తరం పంపాను. ఓలుకా చూసింది చూసినట్టు రాశాను. నీకు తెలియకుండా చెయ్యడం ఇష్టం లేక నీకూ రాస్తున్నాను.

అసెకెన్యే


ఆకేరియా
11 ఏప్రిల్ 1999

అక్కకు,

వాన! పదకొండు రోజుల్లో ఎనిమిది రోజులు పడింది. నేల మోచేతి లోతు తడిసింది. ఇవాళ ఆదివారం కాబట్టి రాస్తున్నాను, రేపటినుంచి మళ్ళీ చెయ్యి ఖాళీ ఉండదు. జరిగింది వరసగా చెప్తాను.

నువ్వు ఎమోరుట్‌కు రాసిన ఉత్తరం వాన వచ్చిన రోజే వచ్చింది. ప్రార్థన అయ్యాక ఎమోరుట్ దాన్ని మామిడిచెట్టు కింద అందరిముందూ గట్టిగా చదివాడు. "సొంత అక్క రాసింది" అన్నాడు. నేను చెప్పొచ్చు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఓమోడింగ్‌కు మేడి ఇచ్చేశారు.

తిన్నగా అపోలోట్ ఇంటికి వెళ్ళాను. నా చోటు అలాగే ఉంది. ఓకిరోర్ జరిగి చోటిచ్చి, "వచ్చావా బావా" అన్నాడు, అంతే. తాగాను. దాచను. కుండ అడుగు కనిపించేదాకా తాగాను.

ఇదివరకు అలా జరిగితే ఏమయ్యేదో నీకు తెలుసు. ప్రమాణం పోయింది, ఇక నేనింతే అనుకుని, మర్నాడు కోడిని పట్టుకునేవాణ్ణి. ఈసారి పిట్టలకన్నా ముందు మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. పలుపులు చూడాలి అనుకున్నాను. ఎడ్లు నావి కాదని గుర్తొచ్చింది. అయినా వెళ్ళాను. పడుకుని ఏం చెయ్యను?

అముగే పొలంలో జనం పోగయ్యారు. ఎడ్లు రెండూ కాడితో సహా పడుకుని ఉన్నాయి. ఓమోడింగ్ ములుకోలతో పొడుస్తున్నాడు, ఏడుపు ముఖం. చూడగానే తెలిసింది. ఎవరన్నారును ఎడమకు కట్టాడు, చూద్దాంను కుడికి! పాపం, వాడికి ఎవరు చెప్పారు? నేనే చెప్పలేదు. మారు మాట్లాడకుండా కాడి విప్పి, వైపులు మార్చి కట్టాను. ఇకిరింగ్ ముందుకెళ్ళి నాలుక చప్పరించింది. లేచాయి.

ఎమోరుట్ దగ్గరకొచ్చి వాసన చూశాడు. "తాగావా?"

"నిన్న తాగాను. ఇవాళ దున్నుతాను."

"మన షరతు గుర్తుందా?"

"గుర్తుంది. మేడి ఓమోడింగ్‌దే. నేను కొలుస్తాను" అని చూరులోంచి తెచ్చిన గొట్టం తీశాను.

ఈ సంగతి నీకు రాయడం మర్చిపోయాను అక్కా. నాదే తప్పు. ఇంటికి రెండెకరాలు, ఒక్క చాలు ఎక్కువా తక్కువా కాకూడదని ఒప్పందం. కొలతతాడు చెదలు తినేశాయి. కొత్త తాడు తెస్తే సాగిందని ఒకరు, ముడుచుకుందని ఒకరు. ఎన్ని విరిచినా నా గొట్టం పొడుగు ఒకటే, అది ఎంతో ఊళ్ళో ప్రతి మగవాడికీ తెలుసు, ఇరవై ఏళ్ళుగా పక్కన కూర్చున్నారు. దాంతో కొలిస్తే తగువే లేదు. బొగ్గుతో గీతలు పెట్టాను. ఓలుకా చూసిన శనివారం చిత్తడి అవతలావిడ పొలం కొలవడానికే వెళ్తున్నాను. హుషారుగా ఉన్నమాట నిజమే.

గట్టు మీద ఆ గీతలు పెట్టి కొలవడం మొదలుపెట్టాను. ఎమోరుట్ నీ ఉత్తరం జేబులోంచి తీసి, మళ్ళీ చదువుకుని, మడిచి పెట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు తగువు మొదలుపెట్టారు, షరతు షరతే అని. అముగే పారతో నేల మీద కొట్టింది. "నా రెండెకరాలు అయ్యాక కొట్టుకు చావండి! పదును పోతోంది!"

ఓమోడింగ్ నాలుగు చాళ్ళు వేశాడు. పాము ఇంటికి పోతున్నట్టు ఉన్నాయి. ఐదో చాలు మొదట్లో మేడి వదిలేసి పక్కకు జరిగాడు. "అన్నా, నువ్వు పట్టు. నేను చూసి నేర్చుకుంటా" అన్నాడు. ఎవరూ వరస కట్టలేదు. పట్టాను.

మూడిళ్ళవి అయ్యాయి. మూడు ఉన్నాయి. కుండ దగ్గరికి ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను, పని మాట్లాడుకుని వచ్చాను. మూడోసారి వెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలియదు. దున్నడం ఉన్న రోజు ఏం చేస్తానో తెలుసు.

కింద ఇకిరింగ్ రాస్తానంటోంది.

*వదినా, గౌను గుడ్డ బాగుంది. ఇంకోసారి ఎమోరుట్‌కు ఉత్తరం రాయాలనిపిస్తే ముందు నాకు రాయి. ఏడింటికి ఆ గొట్టం రెండో కొస పట్టుకుని వెనక నడుస్తున్నది నేనే. ఓలుకాకు నేను కనబడలేదా? అంత సన్నగా అయ్యానా?*

ఎమురియా


జింజా
25 ఏప్రిల్ 1999

తమ్ముడు ఎమురియాకు, ఇకిరింగ్‌కు,

వాన వస్తోంది. కట్టెలు పొడిగా ఉన్నాయి, కొత్త రేకుల కప్పు వేశారు. ఎల్లుండి పరీక్షలు అయిపోతాయి.

మీ ఉత్తరం నిలబడి చదివాను. గంజి అడుగంటింది. ఆరువందలమంది మాడు వాసనతో తిన్నారు.

ఎమోరుట్‌కు వేరే ఉత్తరం రాశాను. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాశానని రాశాను. దాన్ని కూడా మామిడిచెట్టు కిందే చదవమన్నాను, అంతే గట్టిగా. చదవకపోతే ఇకిరింగ్ నాకు చెప్పాలి.

తమ్ముడూ, ఇక్కడ పదేళ్ళుగా ఆడవాళ్ళందరూ సోమవారం సోమవారం అడుగుతారు, "మీ తమ్ముడు ఎలా ఉన్నాడు?" అని. నేను పెదవి విరుస్తాను. వాళ్ళు "అయ్యో" అంటారు. ఉల్లిపాయలు తరగడం మొదలుపెడతాం. మొన్న అడిగితే పెదవి దానంతటదే విరవబోయింది. ఆపి, "మా తమ్ముడు దున్నుతాడు" అన్నాను. హెడ్‌కుక్ "ఎన్ని ఎకరాలు?" అంది. పన్నెండు అని చెప్పాను. రోజంతా అదే మాట్లాడుకున్నాం. మోచెయ్యి నొప్పి మర్చిపోయాను.

ఒక పని అడగాలి. అమ్మ వంటింటి వెనక నా పేరున ఎకరం ఉంది కదా. మందలు పోయినప్పటినుంచీ బీడు. నేను వంటమనిషిని, నాకు నేలెందుకు అని వదిలేశాను. ఆరిళ్ళవీ అయ్యాక, ఎవరి వంతూ ఆలస్యం కాకుండా, ఆ ఎకరం దున్నుతావా? అక్కనని కాదు. చిత్తడి అవతలినుంచి వచ్చినావిడలాగే అడుగుతున్నాను. మెత్తని నేలే, కాకపోతే గరిక ఉంది.

నాలుగో తేదీ మంగళవారం బస్సుకు వస్తున్నాను. వేరుశనగ విత్తనం తెస్తాను. గొట్టం రెండో కొస నేను పట్టుకుంటాను.

అసెకెన్యే


ఓకోరే
16 మే 1999

అక్కకు,

ఇక్కడ నేల నల్లది, రాయి ఉంది. పొద్దున వాన పడి మధ్యాహ్నం తెరిపి ఇచ్చింది. మూడు జతల పడుచు ఎడ్లు, ముగ్గురు మనుషులు. ఎవరికీ ఏమీ రాదు. ఇవాళ ఒక జత దుంగతో సహా పాస్టరు గారి అరటితోటలోకి వెళ్ళింది. చాలా బాగుంది అక్కా!

నువ్వు ఊళ్ళో ఉండగానే ఈ ఓకోరేవాళ్ళ మనిషి వచ్చి వెళ్ళాడు కదా, ఎడ్లకు పని నేర్పేవాడు కావాలని. నేను ఒప్పుకోవడానికి భయపడ్డాను. ఇక్కడ కుండ దగ్గర నన్నెరిగినవాళ్ళు లేరు. ఎరిగినవాళ్ళు లేకపోతే ఎలా ఉంటానో చూసుకోలేదు ఎప్పుడూ. ఆరు రోజులయింది. వచ్చిన సాయంత్రమే గొట్టం ఇవ్వబోయారు, అతిథిని కదా. "పొద్దున్నే దున్నాలి" అన్నాను. "సరే" అన్నారు. తాగుతాడని ఎవరూ పందెం కాయలేదు.

నీ ఎకరంలో వేరుశనగ మొలిచిందట, ఇకిరింగ్ చెప్పింది. మూడో చాలు వంకర. అది నువ్వు మేడి పట్టినది. దున్ని సరిచేస్తానంటే వద్దన్నావు, అలాగే ఉంది.

అపోలోట్ దగ్గర నా చోట ఓలుకా కూర్చుంటున్నాడు.

బస్సెక్కేటప్పుడు నువ్వు అడిగినట్టు, నువ్వు వెళ్ళాక జరిగింది వరసగా రాస్తున్నాను. నువ్వు సోమవారం పదో తేదీ ఏడింటి బస్సుకు వెళ్ళావు. ఎనిమిదింటికి ఓమోడింగ్ ఎవరన్నారును కుడికి, చూద్దాంను ఎడమకు కట్టి ఎత్యాంగ్ తాత రెండెకరాల అవతల ఉన్న బీడుకు తోలుకెళ్ళాడు. గొట్టం వాడికిచ్చాను, కొలవడానికి. నేను మంగళవారం పొద్దున ఐదున్నరకు బయల్దేరాను. ఇకిరింగ్ గురువారం వచ్చింది.

ఎమురియా